నా చేతిలో పెట్టిన బెల్లం ముక్క

ఈ మాట ఏళ్ల తరబడి నా కడుపులోనే ఉండిపోయింది. పొద్దున లేవగానే గుర్తొచ్చే రోజులున్నాయి. నెలల తరబడి అసలు గుర్తురాని కాలమూ ఉంది. ఇప్పుడు తలచుకుంటే ఆ మరిచిన కాలానికే ఎక్కువ సిగ్గేస్తుంది. మా ఆవిడకు చెప్పలేదు. ఆమె మంచం పట్టినప్పుడు చెబుదామనుకున్నాను, మందులనీ వైద్యుడనీ ఏదో ఒక పని కల్పించుకుని తప్పించుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీరైతే నయం అనిపించింది.

నేను లంచం తీసుకోలేదు. ఎవరి బెదిరింపుకీ లొంగలేదు. చూశారా, అప్పుడే మొదలుపెట్టాను. తప్పు చెప్పకముందే, చేయని తప్పులు చెప్పి మంచివాణ్ని అనిపించుకోవాలని చూస్తున్నాను. ఇది చదువుతున్నప్పుడు ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఇంకా లేవని రోజులవి. నేను నిజామాబాదు అదాలతులో, కోర్టులో అనుకోండి, పనిచేసేవాణ్ని. మున్సిఫ్ సాబు ఫైసలా, అంటే తీర్పు, చెబుతాడు. ఆ ఫైసలా ఊళ్లో, బజారులో నిజంగా నడుస్తోందా లేదా చూసేది మా పని. ఫైసలా చెప్పడం ఒక ఎత్తు, దాన్ని నడిపించడం ఒక ఎత్తు. ఇల్లు ఖాళీ చేయమని హుకుం అయితే ముందు తలుపు నుంచి సామాను దించి వెనక తలుపు నుంచి ఎక్కించుకునే మహానుభావుల్ని నేను చూశాను. వాళ్లని పట్టుకోవడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు ఉందని నాకు తెలుసు, అదే అసలు జబ్బు.

కాలువ నీళ్లు వచ్చాక బోధన్, ఎడపల్లి, వర్ని చుట్టుపక్కల చెరకు బాగా పెరిగింది. రైతులు తమ గానుగల్లోనే చెరకు ఆడి, రసం కాచి, బెల్లం దిమ్మలు చేసి బండ్ల మీద నిజామాబాదు గంజ్‌కు, అంటే టోకు బజారుకు, తెచ్చేవాళ్లు. గంజ్‌లో బేరమంతా రుమాలు కింద జరిగేది. ఇద్దరి చేతుల మీదా ఒక గుడ్డ కప్పుతారు. గుడ్డ కింద కొనేవాడు అమ్మేవాడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. నలుగురిలో ధర అరవడం మర్యాద కాదని, ఇది పెద్దల నాటి పద్ధతని అందరూ అనేవాళ్లు.

ఆ మర్యాద చాటున గంజ్‌లో దుకాణాలున్న సేట్లంతా ఒక్కటైపోయారు. ఈ బెల్లం రాశి నీది, ఆ పక్కది నాది అని ముందే అనుకునేవాళ్లు. తన వంతు కాని సేటు వచ్చి తక్కువ వేళ్లు పట్టుకుని పోయేవాడు. రైతు పాపం నలుగురికీ చెయ్యి ఇచ్చి, నలుగురూ తక్కువే అన్నారు కదా అని చివరికి వంతున్న సేటుకే ఇచ్చుకునేవాడు. ఇయ్యను పొమ్మంటే ఆ రైతు దిక్కు మరొక దుకాణం చూసేది కాదు. ధర్మాబాద్ నుంచి ఒక వ్యాపారి వచ్చి కాస్త ఎక్కువిచ్చి కొందామని చూశాడు. అతనికి హమాలీలు దొరకలేదు, తక్కెడ దొరకలేదు. అతను మళ్లీ రాలేదు.

దీని మీద ఎడపల్లి వైపు రైతులు కొందరు కలిసి దావా వేశారు. వాయిదాలు తిరగలేక ఒక్కొక్కరూ జారుకున్నారు. రాజవ్వ అనే ఆమె మాత్రం మిగిలింది. ఆమెకు మా పెద్దక్క ఈడు ఉంటుంది. మొగుడు పోయాడు. కాలువ కింద కొంత భూమి కౌలుకు పట్టి చెరకు వేసేది, సొంత గానుగ ఉంది, రెండెడ్లు ఉన్నాయి, ఇంట్లో ముసలి అత్త ఉంది. వాయిదా ఉన్నప్పుడల్లా ఎడపల్లి నుంచి వచ్చి అదాలతు అరుగు చివర కూర్చునేది. పిలిచేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె దావా గెలిచింది.

ఫైసలా ఇది. రుమాలు తీసేయాలి. ధర పైకి, అందరికీ వినపడేలా వేలం పాడాలి. ఎవరైనా కొనవచ్చు, ఎవరూ ఎవరికీ అడ్డుపడకూడదు, ఏ రైతునీ గంజ్ నుంచి వెళ్లగొట్టకూడదు. ఇదంతా నడుస్తోందో లేదో చూడటానికి బెల్లం వచ్చినన్నాళ్లూ అదాలతు మనిషి ఒకడు గంజ్‌లో కూర్చోవాలి. ఒక ఏడు గడిచాక, ఈ హుకుం ఉంచాలా మార్చాలా అనేది అదాలతు మళ్లీ చూస్తుంది. ఆ అదాలతు మనిషిని నేను.

నాకు గంజ్ మధ్యలో పందిరి వేసి కుర్చీ వేశారు. సేట్లు మొదటి రోజు ముఖాలు ముడుచుకున్నారు, రెండో వారానికే నవ్వడం మొదలుపెట్టారు. వాళ్లలో అందరూ పెద్దసేటు అని పిలిచే ఆయన ఒకడుండేవాడు. మెత్తటి మనిషి, ఎవరి మీదా గొంతు లేపడు. ఒకనాడు పాట మొదలుకాకముందు ఒక సేటు బెల్లం దిమ్మ మూల విరిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను మొహమాటపడితే పెద్దసేటు పక్కనుంచి అన్నాడు: "తీస్కోండ్రి సాబ్. ముందుగాల మీరు రుచి చూసి మంచిగున్నదంటెనే మా పాట. అదాలత్ ఇజ్జత్ మాకు ముఖ్యం."

ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. నా ఇజ్జత్ అనలేదు, అదాలత్ ఇజ్జత్ అన్నాడు. వద్దంటే అదాలతును చిన్నబుచ్చినట్టు అవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అప్పటి నుంచి అదే రివాజు అయిపోయింది. రాశి వస్తుంది, ఎవరో ఒక సేటు దిమ్మ మూల విరిచి నా చేతిలో పెడతాడు, నేను నోట్లో వేసుకుంటాను, "పాకం జర ముదిరింది" అనో "రంగు బాగుంది" అనో అంటాను, వాళ్లు తలలూపుతారు, పాట మొదలవుతుంది. బెల్లం గురించి నాకేం తెలుసు? ఇంట్లో టీలో వేసుకునేవాణ్ని. అయినా మన మాటలు విని తలలూపేవాళ్లు ఎదురుగా ఉంటే తెలియనిదేదీ ఉండదు.

పాట గట్టిగానే నడిచేది. ఒకడు అనేవాడు, ఇంకొకడు కాస్త పెంచేవాడు, మూడోవాడు ఇంకాస్త. చెవులకు నిండుగా ఉండేది. రుమాలు ఎక్కడా కనిపించేది కాదు. ఎవరైనా పాత అలవాటున చెయ్యి చాపితే నేను కుర్చీలోంచే కేకేసేవాణ్ని. వారం వారం మున్సిఫ్ సాబుకు అంతా సక్రమంగా నడుస్తోందని విన్నవించేవాణ్ని. ఆయన సంతోషించేవాడు. అదాలతు హుకుం ఒకటి బజారులో కాళ్లతో నడిచి తిరగడం చూశానని నలుగురి ముందు నన్ను మెచ్చుకున్నాడు. నేను ఆ రోజు ఇంటికి కాస్త నిటారుగా నడిచి వెళ్లాను.

రాజవ్వ మాత్రం ఒకసారి అన్నది, ధర పైకి చెబుతున్నారు గానీ పెరగడం లేదని. సరుకు ఎక్కువొచ్చింది, అందుకని అన్నాను. అది అబద్ధం కాదు. అప్పటికి నాకు తెలియదు. ఇది నిజంగా నమ్మండి, అప్పటికి తెలియదు.

తెలిసింది ఒక ఉపవాసం రోజున. మా చిన్నమ్మాయికి జ్వరం తగ్గక మా ఆవిడ మొక్కుకుంది. జ్వరం తగ్గింది. మొక్కు తీర్చుకోవడానికి మొగుడూ పెళ్లాం ఇద్దరం ఒక దినం ఒక్కపొద్దుండాలి, సాయంత్రం పూజ అయ్యేదాకా నీళ్లు తప్ప ఏదీ నోట్లో వేయకూడదు. ఆ దినం గంజ్‌లో పాట ఉంది. నేను కుర్చీలో కూర్చోగానే అందరికీ వినపడేలా చెప్పేశాను, పిల్ల జ్వరం మొక్కు, ఇవాళ ఒక్కపొద్దు, బెల్లం గిల్లం తేకండి అని. సేట్లు మంచిదే మంచిదే అన్నారు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మొదటి రాశి వచ్చింది. పాట మొదలుకాలేదు. సేట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కానీయండి అన్నాను. ఇద్దరు ఒకేసారి నోరు తెరిచి ఇద్దరూ ఆగిపోయారు. చివరికి ఎవరో అడ్డదిడ్డంగా ఒక ధర అన్నారు, అది అలాగే ఖాయమైంది. తర్వాత రాజవ్వ రాశి. ఈసారి ఇద్దరు సేట్లు పట్టుకున్నారు. ఒకడు పెంచితే ఇంకొకడు పెంచాడు. తన వంతే అని ఇద్దరికీ గట్టి నమ్మకం. ముఖాలు ఎర్రబడ్డాయి. ఆ ఏడాదిలో ఏ రాశికీ రాని ధర ఆమె రాశికి వచ్చింది. రాజవ్వ ఆ ధరను ఇంకోసారి చెప్పించుకుంది.

అప్పుడు పెద్దసేటు వచ్చి నా పక్కన వంగాడు. "ఒక్కపొద్దైతే ఏంది సాబ్, తినకుండ్రి. ఉట్టిగ చేతిల పట్టుకోండ్రి. ఇంటికి తీస్కపోయి బిడ్డకు వెట్టుండ్రి." నేను చెయ్యి చాపాను. ఒక సేటు వచ్చి ముక్క పెట్టాడు. పాట మొదలైంది, నూనె వేసిన బండిచక్రం మాదిరిగా సాగిపోయింది. ముక్క పెట్టిన సేటుకే రాశి పోయింది. తర్వాతి రాశికి ఇంకొకడు పెట్టాడు. రాశి అతనికే పోయింది.

అప్పుడు అర్థమైంది. రాశులు ఏ వరసలో వస్తాయో ముందే తెలియదు గదా. ఎవరి వంతో చెప్పడానికి వాళ్లకొక గుర్తు కావాలి. పెద్దసేటు కళ్లతో ఒకరికి సైగ చేస్తాడు, అతను వచ్చి నా చేతిలో ముక్క పెడతాడు, మిగతావాళ్లు చూసి, రెండు మాటలు పాడి ఊరుకుంటారు. రుమాలు తీసేయించినవాణ్ని, నేనే వాళ్లకు రుమాలునయ్యాను. ఇన్నాళ్లూ, అందరి మధ్యలో, కుర్చీలో కూర్చుని.

అక్కడే లేచి కేకేసి ఉంటే? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. లేవలేదు. తల తీసేసినట్టయింది. ఇంటికి వెళ్లి, చేతిలో పోగైన ముక్కలన్నీ మా ఆవిడకిచ్చాను. పిల్ల తిన్నది. రేపు మున్సిఫ్ సాబుకు చెప్పాలనుకున్నాను. రేపు వచ్చింది. ఏమని చెప్పాలి? హుజూర్, మీరు కాపలా పెట్టిన నన్నే వాళ్లు గంటలాగా వాడుకున్నారు, ఇన్నాళ్లూ అంతా సక్రమమని నేను చెప్పినవన్నీ వట్టివి, నేను తింటూ కూర్చున్నాను అనాలా? అదాలతు అరుగు మీది బంట్రోతులు కూడా నవ్వుతారు. పేరు కోసం బతికినవాణ్ని నేను. ఆ పేరు అలా పోవడం ఊహించుకోలేకపోయాను.

ఇప్పుడు చెప్పేది ఇంతకంటే పాడు మాట. మర్నాడు గంజ్‌కు వెళ్లాను. ఒక సేటు బెల్లం ముక్క తెచ్చాడు. చెయ్యి చాపాను. వద్దంటే నాకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది, కొన్నాళ్లు గమనించి సాక్ష్యం గట్టిచేసుకోవాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. సాక్ష్యం ఆ ఒక్కరోజులోనే దొరికిపోయింది. ఆ తర్వాత వారాల తరబడి నేను తెలిసి తిన్నాను. మొదట్లో రుచి తెలియలేదు. కొన్నాళ్లకు మళ్లీ తెలిసింది. పాకం ముదిరిందని మళ్లీ అనడం మొదలుపెట్టాను. మనిషి ఎంత త్వరగా అలవాటు పడతాడో నన్ను చూస్తే నాకే భయం వేసింది, ఆ భయం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు.

ఏడు గడిచింది. సేట్లు దరఖాస్తు పెట్టుకున్నారు, హుకుం మార్చమని. పాట సక్రమంగా నడుస్తోంది, అదాలతు మనిషే సాక్ష్యం. పైగా రోజులు మారాయి, బోధన్‌లో ఫ్యాక్టరీ వస్తోంది, ఇక రైతులు చెరకు అక్కడ అమ్ముకుంటారు, అదాలతు ఇంకా బెల్లం దుకాణాల మీద కాపలా ఉండాల్సిన అవసరం ఏముంది అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఫ్యాక్టరీ ఇంకా గోడల దగ్గరే ఉంది. యంత్రాలు రాలేదు. రేపటి ఫ్యాక్టరీని చూపించి ఇవాళ్టి గంజ్‌ను తమకు వదిలేయమన్నారు. మున్సిఫ్ సాబు తొందరపడే మనిషి కాదు. స్వయంగా గంజ్‌కు వచ్చి, తనిఖీ చేసి, అందరినీ అడిగి తేలుస్తానన్నాడు.

ఆ తనిఖీకి ముందు ఒక సాయంత్రం రాజవ్వ నన్ను రైలు స్టేషన్ దారిలో ఆపింది. బండి పక్కన నిలబెట్టి వచ్చింది.

"అయ్యా, జర ఆగు. ఒక ముచ్చట అడగాలె."

"ఏంది రాజవ్వా?"

"ఆ దినం నువ్వు ఒక్కపొద్దున్నవు సూడు. ఆ దినం సేట్లు ఆగమాగమైండ్రు. నా రాశికి ఇద్దరు కొట్లాడిండ్రు. మల్ల ఎన్నడన్న గట్లయిందా?"

"బజార్ల ఒకోసారి అయితది."

"ఏందో మతలబున్నదయ్యా. రాత్రి పండుకుంటె గదే యాదికొస్తది. నాకు సమజైతలేదు. నువ్వు పొద్దంత ఆడనే కూసుంటివి. నీకేమన్న కనవడ్డదా?"

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. అనుమానంతో కాదు. తెలిసినవాణ్ని అడిగినట్టు అడుగుతోంది. నేను బండి ఎద్దుల వైపు చూశాను.

"ఏం లేదు రాజవ్వా. నాకేం కనవడలే."

"నిజంగనేనా?"

"నిజంగనే."

ఆమె ఊపిరి వదిలింది. "అయితె నా మనసే సెడ్డది. ఊకె అనుమానం వెట్టుకుంటున్న. ఏం జెయ్యాలె అయ్యా, ఈ హుకుం పోతె నా రాశి దిక్కు ఎవ్వడు సూడడు. కౌలు పోతది, గానుగ పోతది. గందుకే భయమైతది." కొంగు సరిచేసుకుని, "నువ్వు లేదంటె లేనట్టె. నీకంటె మంచిగ ఎవరు సూస్తరు" అని బండి దగ్గరికి వెళ్లిపోయింది.

మున్సిఫ్ సాబుకు వారం వారం చెబుతూ వచ్చిన అబద్ధం కంటే ఇది పెద్దది. ఆయన నన్ను నమ్మితే అది అదాలతు వ్యవహారం. ఈమె తన కళ్లను కూడా కాదనుకుని నన్ను నమ్మింది.

తనిఖీ రోజు గంజ్ ఊడ్చి నీళ్లు చల్లారు. మున్సిఫ్ సాబుకు నా కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేశారు. రాశి వచ్చింది. పెద్దసేటు మున్సిఫ్ సాబు ముందు చేతులు కట్టుకుని, ఇదివరకు నాతో అన్న మాటలే అన్నాడు. ఒక సేటు దిమ్మ మూల విరిచి, ఈసారి నా చేతిలో కాదు, ఆయన చేతిలో పెట్టాడు. ఆయన నవ్వి, నోట్లో వేసుకుని, వాహ్ అన్నాడు. పాట చక్కగా నడిచింది. రాశి ముక్క పెట్టిన సేటుకు పోయింది. నా కళ్లముందే అదంతా ఇంకొకరి మీద జరిగింది.

ఆయన నా వైపు తిరిగి ఉర్దూలో అడిగాడు, ఏడాదిగా నువ్వే చూశావు, వీళ్లలో వీళ్లకు సాజిష్, అంటే కుమ్మక్కు, ఏదైనా ఉందా అని. ఆయన దవడ ఇంకా కదులుతోంది. చెబితే ఆయన నోట్లోని బెల్లం సంగతి కూడా చెప్పాలి. అదొక్కటే అడ్డమా? కాదు. ఆ బెల్లం లేకపోయినా చెప్పేవాణ్ని కాదేమో. నేను నిలబడి, చేతులు కట్టుకుని, "నహీ హుజూర్" అన్నాను. ఆయన తల ఊపాడు.

తర్వాత రాజవ్వను పిలిపించాడు. నువ్వు దావా వేసినదానివి, నీకేమైనా చెప్పుకోవాల్సింది ఉందా అని అడిగించాడు. ఆమె చెప్పవచ్చు, ఆ ఒక్కపొద్దు రోజు సంగతి చెప్పవచ్చు. చెబితే మున్సిఫ్ సాబు తెలివైన మనిషి, తన అరచేతి వైపు ఒకసారి చూసుకునేవాడేమో. నేను అప్పుడు ఏం కోరుకున్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఆమె చెబితే బాగుండనుకున్నానా, చెప్పకూడదనుకున్నానా? రెండూ అనుకున్నాననుకుంటాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, "అదాలత్ సారే ఏం లేదన్నడు. ఆయినెకు కనవడంది నాకేం కనవడ్తది" అన్నది.

మున్సిఫ్ సాబు హుకుం మొత్తం కొట్టేయలేదు. మార్చాడు. పైకి పాడాలన్న షరతు తీసేశాడు, అదాలతు మనిషిని తీసేశాడు. రైతును వెళ్లగొట్టకూడదు అన్న ఒక్క మాట ఉంచాడు. ఇంత చక్కగా నడిచిందంటే నీ కాపలానే కారణం అని అందరి ముందూ నా భుజం తట్టాడు. కొన్నాళ్లకు నాకు పై పని కూడా ఇచ్చారు. నేను వద్దనలేదు.

రుమాళ్లు ఆ వారంలోనే తిరిగొచ్చాయి. రాజవ్వను ఎవరూ వెళ్లగొట్టలేదు. హుకుం అక్షరాలా పాటించారు. ఆమె బండి వస్తుంది, రాశి పోస్తుంది, పక్కన కూర్చుంటుంది. ఎవరూ పొమ్మనరు. ఎవరూ రుమాలు తీసుకుని ఆమె దగ్గరికి రారు. సాయంత్రం బెల్లం మళ్లీ బండిలోకి ఎత్తుకుంటుంది. బేరాలు ఉన్నప్పుడల్లా అదే. మబ్బు పట్టిన రోజుల్లో బెల్లం నీరు కారి గోనెసంచులు తడిసిపోయేవి. ఒకసారి నేను అటు పనిమీద వెళ్లి దూరం నుంచి చూశాను. నల్లబడ్డ దిమ్మల పక్కన మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. నేను పక్క సందులోకి తిరిగాను. అక్కడ నాకు పనేమీ లేదు, అయినా తిరిగాను.

మళ్లీ అదాలతుకు వచ్చి చెప్పి ఉంటే? హుకుం మార్చినవాళ్లు మళ్లీ మార్చగలరు. అదీ నా పనిలో భాగమే, నాకు ఆ దారి అందరికంటే బాగా తెలుసు. ఒక దరఖాస్తు చాలు. ప్రతి వాయిదా రోజూ అనుకునేవాణ్ని. ఇంకా ఏం ఆలస్యం కాలేదు అనుకునేవాణ్ని. ఆలస్యం కాలేదని అనుకుంటూ అనుకుంటూ ఆలస్యం చేశాను.

గానుగ అమ్మేసింది. కౌలు భూమి పోయింది. ఎడ్లు పోయాయి. ఇవి నాకు ఎవరో చెప్పలేదు, నేనే వాకబు చేసి తెలుసుకున్నాను. వాకబు చేయడానికి మాత్రం నాకు ధైర్యం ఉండేది.

ఒకరోజు వేరే పని మీద బోధన్ వెళ్లాను. ఫ్యాక్టరీ కడుతున్నచోట ఆడవాళ్లు వరసగా మట్టి తట్టలు మోస్తున్నారు. ఆ వరసలో రాజవ్వ ఉంది. ఏ ఫ్యాక్టరీ పేరు చెప్పి ఆమె హుకుం తీసేశారో, దాని గోడలకే మట్టి మోస్తోంది. నన్ను ఆమే ముందు చూసింది. తట్ట దించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. "మంచిగున్నవా అయ్యా? బిడ్డకు జరం మల్ల రాలే గద?" అని అడిగింది.

మా పిల్ల జ్వరం సంగతి ఆమెకు గుర్తుంది. నా మీద ఆమెకు ఇప్పటికీ అనుమానం లేదు. తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి అనేవాణ్ని, వాదించేవాణ్ని, నా గుండె కాస్త గట్టిపడేది. అక్కడ చెప్పవచ్చు. ఎండలో, ఎవరూ వినని చోట, మేమిద్దరమే ఉన్నాం. నోటిదాకా వచ్చింది. "రాలే" అన్నాను. మేస్త్రీ కేకేశాడు. ఆమె తట్ట ఎత్తుకుని వరసలో కలిసిపోయింది. తర్వాత కొన్నేళ్లకు పోయిందని ఎడపల్లి వాళ్లు ఎవరో అన్నారు.

ఎందుకు చేశానని మీరు అడిగితే, సిగ్గు వల్ల అంటాను. ఆ మాట కూడా నాకు పూర్తిగా నచ్చదు. సిగ్గు అంటే ఏదో సున్నితమైన మనిషినన్నట్టు వినిపిస్తుంది. ఏడాది పాటు నన్ను వెధవను చేశారని నలుగురికీ తెలియడం కంటే, ఒక ఆడమనిషి బతుకు చెడటం నాకు తేలిక అనిపించింది. అంతే. ఫ్యాక్టరీ వచ్చాక ఎలాగూ గానుగలు మూలపడ్డాయి గదా, హుకుం ఉన్నా ఎన్నాళ్లు ఉండేది అని నాలో ఒకడు ఇప్పటికీ అంటూ ఉంటాడు. వాడు చెప్పింది నిజమే కావచ్చు. రాజవ్వ గానుగను తన చేత్తో ఆపుకోవడం వేరు, నేను నా నోటితో ఆపించడం వేరు.

పోయినవాళ్లు పోయారు. మున్సిఫ్ సాబు బదిలీ అయి ఎటో వెళ్లిపోయాడు. సేట్లలో మిగిలినవాళ్లు లేరు. నన్ను క్షమించగలిగినది ఒక్క మనిషే, ఆమెకు క్షమించాల్సింది ఒకటి ఉందని కూడా తెలియకుండానే పోయింది. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలోని పని కాదు. ఆ రోజు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఎక్కడా లేకుండా పోకూడదని మాత్రం ఇది రాస్తున్నాను.

ఉంది హుజూర్. సాజిష్ ఉంది. ఎవరు నా చేతిలో ముక్క పెడితే రాశి వాళ్లది. ఇవాళ మీ చేతిలో పెట్టారు. ఏడాదంతా నేను తిన్నాను, తెలిశాక కూడా తిన్నాను. రాజవ్వ నన్ను అడిగింది, లేదన్నాను. ఆమెకు కనపడింది నిజమే, ఆమె మనసు చెడ్డది కాదు.

ఇంతే చెప్పాల్సింది. పైకి చదువుకుని చూశాను. ఆ రోజు గంజ్‌లో నిలబడి చెప్పి ఉంటే, మున్సిఫ్ సాబు నోట్లోని బెల్లం కరిగేలోపే అయిపోయేది.